మన గురించి మనం చెప్పుకోవడం – సొంత డబ్బానా, పనికొచ్చే కబురా?

(కటవారియా సరాయ్‌లో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సుబేదార్ గారూ, ఈసారి మీరొక 20 నిమిషాలు మాట్లాడాలి. ఫేస్‌బుక్కు, వాట్సాప్ స్టేటస్సు, ఇన్‌స్టాగ్రాము అంటూ జనం పొద్దస్తమానం తమ గురించి తాము చెప్పుకుంటున్నారు కదా, అది సొంత డబ్బానా, లేక దానివల్ల ఉపయోగం ఏమన్నా ఉందా అనేది విషయం" అన్నారు. నేను సిగ్నల్స్‌లో 28 ఏళ్ళు పనిచేశాను. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడమే నా ఉద్యోగం. అందులో నా సొంత మాట ఒక్కటి కూడా కలవకూడదు. అలాంటివాడికి ఈ విషయం అప్పగించారేమిటా అనుకున్నాను. తరువాత తీరిగ్గా ఆలోచిస్తే, ఈ విషయంలో నేను చేసిన తప్పులు రెండు గుర్తుకొచ్చాయి. ఆ సంగతి మా ఆవిడ ముందే ఆయన చెవిన వేసి ఉంటుందని నా అనుమానం. సరే, ఆ రెండూ చెబుతాను.

ముందుగా మనం కూర్చున్న ఈ చోటు గురించి ఒక మాట. పదవీ విరమణ తరువాత ఒక సంస్థలో సెక్యూరిటీ సూపర్‌వైజరు పని దొరికి, ఈ కటవారియా సరాయ్ గల్లీలోనే రెండు గదులు తీసుకుని ఉంటున్నాను. ఒక పక్క ఐ.ఐ.టి., ఇంకో పక్క జె.ఎన్.యు., దగ్గరలోనే సంస్కృత విశ్వవిద్యాలయం. గల్లీలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తిగిలాలి. పైన కరెంటు తీగలు, కింద మోమోల బండ్లు, జెరాక్సు దుకాణాలు, గోడల నిండా అద్దె గదుల బోర్డులు. గేట్ పరీక్షకీ, ఇంజనీరింగ్ సర్వీసులకీ చదువుకునే పిల్లలు దేశం నలుమూలల నుంచీ వచ్చి ఈ గదుల్లో ఉంటారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలు తక్కువేమీ కాదు.

సరాయ్ అంటే బాటసారులు దిగే సత్రం. ఢిల్లీలో ఈ పేరుతో బేర్ సరాయ్, కాలూ సరాయ్, జియా సరాయ్ ఇలా ఎన్నో ఉన్నాయి. సత్రంలో రాత్రి దిగినవాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? నేను ఫలానా ఊరి నుంచి వస్తున్నాను, నాకు దారిలో వాగు అడ్డం వచ్చింది, నేను ఫలానా చోట మోసపోయాను అని చెప్పుకుంటారు. అంతా నేను, నేను అనే ఉంటుంది. కానీ మర్నాడు పొద్దున్నే ఆ దారినే పోవలసినవాడు ఆ "నేను"ని చెవులు రిక్కించుకుని వింటాడు.

మన తెలుగువాళ్ళలో ఈ పనిని అందరికన్నా గొప్పగా చేసినాయన ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం. 1830 మే 18న దాదాపు నూరు మంది పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి దారిన 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరుకున్నారు. రైలు లేదు, కారు లేదు. పోయినంత దూరమూ తన సంగతులు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారికి రాస్తూ పోయారు. ఏ ఊళ్ళో దిగాము, అక్కడ నీళ్ళెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, ఏ నది ఎలా దాటాము, దారి రాళ్ళదా బురదదా అన్నీ రాశారు. మన భాషలో చెప్పాలంటే అది రెక్కీ రిపోర్టు. ప్రతి మజిలీలోనూ ఆయన ఉన్నారు, కానీ చదివేవాడికి కనబడేది దారి. ఆయన 1836లో కన్నుమూశారు. శ్రీనివాస పిళ్ళైగారు ఆ రాతల్ని "కాశీయాత్ర చరిత్ర" పేరుతో 1838లో అచ్చు వేయించారు. అంటే పాపం ఆయన ఒక్క లైకు కూడా చూసుకోలేదన్నమాట! మళ్ళీ 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు శ్రమపడి ప్రచురించబట్టి మన తరం దాకా వచ్చింది. ఆయన ఢిల్లీ వైపు రాలేదు. వచ్చి ఉంటే మన గల్లీలో నీళ్ళు ఎన్నింటికి వస్తాయో కూడా తప్పకుండా రాసి పెట్టేవారు.

ఇక మన సంగతికి వద్దాం. ఇక్కడున్న పెద్దవాళ్ళందరికీ 56 ఏ.పి.ఓ., 99 ఏ.పి.ఓ. గుర్తుండే ఉంటాయి. మొదటిది ఢిల్లీలోని బేస్ పోస్టాఫీసు, రెండోది కలకత్తాది. మనం మంచుకొండ మీద ఉన్నా, ఎడారిలో ఉన్నా చిరునామా మారదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్టు, కేరాఫ్ 56 ఏ.పి.ఓ. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. నేను మొదటిసారి సెలవు మీద వెళ్ళినప్పుడు మా నాయన, "ఒరే, ఈ యాభై ఆరు ఏపీవో ఏ జిల్లాలోకి వస్తుందిరా? బస్సు పోతుందా?" అని అడిగాడు.

ఆ ఉత్తరాల్లో ఏం రాసేవాళ్ళం? కొత్త బూట్లు కరుస్తున్నాయి, పక్క మంచం కుర్రాడు ఒడిశావాడు, మన మాట కాస్త తెలుసు, ఇక్కడి పప్పులో పులుపు ఉండదు, మొన్న కబడ్డీలో మా ప్లటూను గెలిచింది. అంతా సొంత గొడవే. మా అమ్మకు చదువు రాదు. పోస్టుమ్యాన్ చేతే చదివించుకునేది. అరుగు మీద ఆయన చదువుతుంటే వీధి వీధంతా వినేది. ఇప్పుడు షేరింగ్ అంటున్నారే, అది మరి ఏమిటి? ఆ ఉత్తరంలో ఊరు మాత్రం ఉండేది కాదు. మనిషి ఉండేవాడు.

ఇప్పుడు నా మొదటి తప్పు. మా పై అంతస్తులో ప్రకాశం జిల్లా కుర్రాడు ఒకడు ఉండేవాడు. గేట్‌కి చదువుకుంటున్నాడు. ఒక ఉగాదికి మా ఆవిడ పచ్చడి, పులిహోర పంపింది. అప్పటినుంచీ "అంకుల్, ఆంటీ" అంటూ వరస కలిపాడు, ఫోన్ నంబర్లు మార్చుకున్నాం. అప్పటినుంచి నాకు కష్టాలు మొదలయ్యాయి. రోజుకి 15 స్టేటస్సులు. జిమ్ములో కండలు, మోమోల ప్లేటు, కొత్త చెప్పులు, తెరిచి పెట్టిన పుస్తకం పక్కన కాఫీ కప్పు. నేను గమనించాను, పుస్తకం ఎప్పుడూ అదే పేజీ! తల్లిదండ్రులు అప్పు చేసి పంపితే వీడు అద్దంలో చూసుకుంటున్నాడు అని మా ఆవిడ దగ్గర విసుక్కుని, అతని స్టేటస్ నాకు కనబడకుండా మ్యూట్ చేసి పారేశాను.

2021 ఏప్రిల్ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 19వ తేదీ రాత్రి నుంచి ఢిల్లీలో లాక్‌డౌన్ పెట్టారు. కోచింగులు మూతపడ్డాయి. పిల్లలు చాలామంది దొరికిన రైలెక్కి ఇళ్ళకు పోయారు. గల్లీ బోసిపోయింది. ఒక రాత్రి 11 గంటలకు గుంటూరు నుంచి ముక్కూమొహం తెలియని ఒకాయన ఫోన్ చేశాడు. "మీరు కటవారియా సరాయ్‌లో ఉంటారటగా సార్, ఈ అడ్రసు మీకేమన్నా దగ్గరా?" అన్నాడు. ఆయన చదివిన అడ్రసు మా బిల్డింగుదే. ఆ కుర్రాడు సాయంత్రం స్టేటస్ పెట్టాడట. జ్వరం ఆరో రోజు, ఆక్సిజన్ 89, గదిలో ఒక్కడినే ఉన్నాను, దగ్గరలో తెలుగువాళ్ళెవరైనా ఉంటే రండి, ఇదీ అడ్రసు అని. అది అతని స్నేహితులకు చేరి, అక్కడినుంచి గుంటూరు పోయి, ఎవరో మన సంఘం గ్రూపులో ఉన్నాయనకు తగిలి, చివరికి నాకు వచ్చింది. వాడు నాకు ఒక అంతస్తు పైన ఉన్నాడండీ. 28 ఏళ్ళు లైన్లు కలిపినవాణ్ణి, నా లైను నేనే తెంపుకుని కూర్చున్నాను.

మాస్కు కట్టుకుని పైకి పోయాను. తలుపు తీయడానికి కూడా ఓపిక లేక గోడ పట్టుకుని వచ్చాడు. మన సంఘంలోనే ఉన్న రిటైర్డు డాక్టరుగారు ఫోన్లోనే చెబుతుంటే బోర్లా పడుకోబెట్టాం. ఆసుపత్రుల్లో మంచం దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నానికి గ్రూపులో వాళ్ళే ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అరువు తెచ్చారు. ఆరు రోజులు పెట్టాం. మా ఆవిడ చారన్నం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేది. బతికాడు. ఆ రోజుల్లో అలా అడిగినవాళ్ళకల్లా అందలేదనీ తెలుసు. సిలిండరు ఇస్తామని ముందే డబ్బు వేయించుకుని ఫోన్లు కట్టేసిన వెధవలూ ఉన్నారు. అవన్నీ చూశాం.

నేను తరువాత చాలాసార్లు ఆలోచించాను. ఆ రాత్రి వాడి కబురు అంతమంది ఎందుకు పట్టించుకున్నారు? రోజూ వాడి మోమోల ప్లేట్లు చూస్తున్నవాళ్ళే కాబట్టి. సిగ్నల్స్‌లో మేం పొద్దున్నే లైన్ టెస్టింగ్ చేస్తాం. "హలో, ఒకటి, రెండు, మూడు, వినబడుతోందా?" అంటాం. ఆ మాటల్లో విషయం సున్నా. కానీ లైను బతికి ఉందని తెలుస్తుంది. యుద్ధం వచ్చినప్పుడే ఫోనెత్తుదామంటే అప్పటికి లైను ఉండదు. నేను సొంత డబ్బా అనుకున్నది వాడికి లైన్ టెస్టింగు. అన్ని సొంత డబ్బాలూ అంతేనని నేను అనను. కొన్ని నిజంగా డబ్బాలే. వీరజవానుకు శ్రద్ధాంజలి అని పోస్టు పెట్టి, అందులో పోయినవాడి బొమ్మ స్టాంపంత, తన బొమ్మ గోడగడియారమంత వేసుకునేవాళ్ళను చూస్తున్నాం కదా. అక్కడ టెస్టింగూ లేదు, లైనూ లేదు. చెవిటివాడి ముందు శంఖం కూడా కాదు, అద్దం ముందు శంఖం.

రిటైరైన మనకు పనికొచ్చిన సంగతి ఒకటి చెబుతాను. మన తెలుగువాళ్ళ పేర్ల గొడవ మీకు తెలుసు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. సర్వీసు రికార్డులో పొడి అక్షరం ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. భార్య పేరు పార్ట్ టూ ఆర్డరులో ఉత్త "లక్ష్మి", ఆధార్‌లో "వెంకటలక్ష్మి". పింఛను స్పర్శ్‌లోకి మారాక ఈ తేడాలు చాలామందికి అడ్డం తగిలాయి. ఇందులో ఎవరినీ అనడానికి లేదు, మనం పేరు పెట్టుకునే పద్ధతి అలాంటిది. మన గ్రూపులో ఒక అన్నగారు తన పేరు సరిచేయించుకున్న కథంతా పూసగుచ్చినట్టు రాశారు. నేను మొదట ఈ కాగితం పంపాను, నాకు తిరిగొచ్చింది, నేను అఫిడవిట్ తప్పు రాయించాను, నేను రికార్డు ఆఫీసుకు ఇలా రాశాను అంటూ ఫోన్లో నాలుగు తెరల పొడుగు. "అన్నా, ఆత్మకథ రాస్తున్నారా?" అని ఒకరిద్దరు ఎగతాళి చేశారు. నేనూ నవ్వు బొమ్మ పెట్టాను, అబద్ధం ఎందుకు. నెల తరువాత విజయనగరం జిల్లా నుంచి ఒక వితంతువు కొడుకు ఫోన్ చేసి, ఆ కథను వరసగా పట్టుకునే వాళ్ళమ్మ పేరు సరిచేయించుకున్నామని చెప్పాడు. ముఖ్యంగా ఆ తప్పు రాయించిన అఫిడవిట్ సంగతి తమకు పనికొచ్చిందట. మనం గెలిచిన సంగతులే రాస్తాం, ఆ అన్నగారు తడబడ్డ సంగతులు కూడా రాశారు. వీరాస్వామయ్యగారి బాపతు మనిషి.

ఇంతవరకూ చెప్పినదంతా మామూలు జనానికి. యూనిఫారం వేసుకున్నవాడి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఆ కుర్రాణ్ణి అడ్రసు కాపాడింది. మనవాడికి అదే అడ్రసు ప్రాణం మీదికి తెస్తుంది. 2018 జనవరిలో స్ట్రావా సంగతి గుర్తుందా? పరుగులూ నడకలూ లెక్కపెట్టే యాప్ అది. అందరి పరుగులనూ కలిపి ఆ కంపెనీ ఒక ప్రపంచ పటం పెట్టింది. ఎడారుల్లో, చీకట్లో, ఏమీ ఉండకూడని చోట్ల వెలుగు గీతలు కనిపించాయి. విదేశీ సైనిక స్థావరాల్లో సిపాయిలు పొద్దున్నే పరిగెత్తిన దారులవి. గమనించి బయటపెట్టింది ఆస్ట్రేలియాలో చదువుకునే ఒక విద్యార్థి. పాపం ఆ సిపాయిలు ఏమీ రాయలేదు, ఫోటో పెట్టలేదు. పరిగెత్తారు, అంతే.

మన విశాఖపట్నం సంగతి ఇంకా దగ్గరిది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్సువాళ్ళు "ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్" అని పేరు పెట్టి, కేంద్ర సంస్థలతో కలిసి, ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ళ పేర్లతో స్నేహం కలిపి, ఓడల కదలికలు రాబట్టారన్నది అభియోగం. కేసు తరువాత ఎన్.ఐ.ఏ. చేతికి పోయింది. ఆ నెలలోనే నౌకాదళం స్థావరాల్లోనూ ఓడల మీదా స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్కు వద్దంది. 2020 జూలైలో సైన్యం 89 యాప్‌ల జాబితా ఇచ్చి, అందులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా చేర్చి, 15వ తేదీ లోపల ఖాతాలు తీసేయమంది. ఒక లెఫ్టినెంట్ కల్నల్‌గారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. దూరాన ఉన్న కుటుంబంతో అదే తనకు ఆధారమని ఆయన బాధ. కోర్టు ఆ ఆగస్టులో పిటిషను కొట్టేసింది. అప్పట్లో మన గ్రూపులో దీని మీద పెద్ద గొడవ జరిగింది. కోర్టు చేసింది సరైనదేనని నా అభిప్రాయం. కానీ ఆయన బాధ సొంత డబ్బా బాధ కాదు. దాన్ని ఎగతాళి చేసినవాళ్ళు 56 ఏ.పి.ఓ. ఉత్తరం కోసం ఎదురుచూడనివాళ్ళయి ఉండాలి.

2017 జనవరిలో సరిహద్దు భద్రతా దళం జవాను ఒకాయన తన పళ్ళెంలోని పప్పు, రొట్టె చూపిస్తూ పెట్టిన వీడియో సంగతి కూడా మనవాళ్ళు తరచూ అడుగుతారు. ఆయన ఉద్యోగం పోయింది. అదే నెలలో సైన్యంలో జనరల్ బిపిన్ రావత్‌గారు ఫిర్యాదులూ సలహాలూ వేసేందుకు పెట్టెలు పెట్టిస్తామని, సోషల్ మీడియాకు ఎక్కవద్దని చెప్పారు. ఆయనే 2018లో, సిపాయి చేతిలో స్మార్ట్‌ఫోన్ లేకుండా చేయడం అయ్యే పని కాదని, క్రమశిక్షణతో వాడనివ్వడమే మేలని కూడా అన్నారు. నా మటుకు నాకు, కష్టం చెప్పుకోవడం తప్పు కాదు, పై అధికారిని దాటి లోకానికి చెప్పడం మన పద్ధతి కాదు. కానీ పై అధికారి వినే చెవి పెట్టాలి. చెవి ఉన్నచోట వీడియో పుట్టదు. దీని మీద ఇక్కడే ఇద్దరు తల అడ్డంగా ఊపుతున్నారు. భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మీ యూనిట్‌లో నేటి ఉత్తర్వు ఏదైతే అదే. నేను చెప్పాలనుకున్నది వెనకాల కూర్చున్న మాలాంటి వాళ్ళకు, అంటే అమ్మానాన్నలకు, భార్యలకు, బావమరుదులకు. ఎందుకంటే నా రెండో తప్పు అది.

మావాడు కూడా సైన్యంలోనే ఉన్నాడు. కొన్నాళ్ళ కిందట సెలవు అయిపోయి తిరిగి వెళుతుంటే న్యూఢిల్లీ స్టేషన్‌లో ఎక్కించడానికి వెళ్ళాను. తోటివాళ్ళు నలుగురు కూడా కలిశారు. యూనిఫారంలో ముచ్చటగా ఉన్నారు, వెనకాల బోగీ బోర్డు. ఫోటో తీశాను. ఇంటికి వచ్చేలోపలే ఫేస్‌బుక్‌లో పెట్టాను. మా అబ్బాయి మళ్ళీ విధులకు, ఈసారి ఫలానా చోటికి, ఫలానా యూనిట్టు, తండ్రిగా గర్వంగా ఉంది అని. మెట్రో దిగేసరికి 60 లైకులు. నిజం చెబుతున్నాను, చాలా బాగుంది. గంటకొకసారి కాదు, పది నిమిషాలకొకసారి చూసుకున్నాను. జిమ్ము కుర్రాణ్ణి అద్దంలో చూసుకుంటున్నాడని అన్నవాణ్ణి నేనే.

రాత్రి ఏదో స్టేషన్ నుంచి మావాడు ఫోన్ చేశాడు. "నాన్నా, అది తీసెయ్యండి" అన్నాడు. కోపం లేదు గొంతులో. "ఇన్నేళ్ళు కుర్రాళ్ళకి మీరే కదా నాన్నా సెక్యూరిటీ క్లాసు చెప్పింది?" అన్నాడు. వెంటనే తీసేశాను. కానీ అప్పటికే మా ఊరి కుర్రాళ్ళు దాన్ని తీసుకుని, పాట జోడించి, ఊరు, యూనిట్టు, వెళ్ళే చోటు అన్నీ పెద్ద అక్షరాలతో రాసి వీడియో చేసేశారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బతిమాలుకుంటే రెండు రోజులు పట్టింది. అన్నీ పోయాయో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. మా తోడల్లుడి ఫోన్లో పోయిన దసరాకు ఒకటి కనబడింది. ఆ ఫోటోలో మావాడొక్కడే కాదు, ఇంకా నలుగురు తల్లుల పిల్లలు ఉన్నారు. వాళ్ళు నన్ను అడగనే లేదు, నేనూ వాళ్ళను అడగలేదు. చదువురాని మా నాయన నా ఊరు తెలియకుండానే నాకు ఉత్తరాలు పంపించుకున్నాడు. చదువుకున్న నేను నా కొడుకు ఊరు లోకానికి చెప్పాను.

ఏమీ జరగలేదు. మావాడు క్షేమంగానే ఉన్నాడు. జరగలేదు కాబట్టే మీ ముందు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను.

ఆ కుర్రాడి సంగతి అడుగుతారని తెలుసు. అతనికి ఉద్యోగం వచ్చింది, గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. జిమ్ము ఫోటోలు ఇప్పటికీ పెడుతూనే ఉన్నాడు, కాస్త పొట్ట కూడా వచ్చింది. మ్యూట్ తీసేశాను. అన్నీ చూస్తాను. పుస్తకం ఫోటోలు మాత్రం మానేశాడు.

మావాడు కూడా ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వీలైన రోజు వాళ్ళమ్మకు ఒక ఫోటో పంపుతాడు. మొహం ఉండదు, కిటికీ ఉండదు, ఊరు ఉండదు. ఈవేళ పొద్దున్న స్టీలు గ్లాసులో టీ వచ్చింది. గ్లాసు పక్కన రెండు బిస్కెట్లు. ఎక్కడిదో మాకు తెలియదు. మా ఆవిడ ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "టీ చిక్కగానే ఉంది, బిస్కెట్లు తినలేదింకా" అని ఇక్కడికి రావడానికి చీర మార్చుకోవడానికి లేచింది.

భోజనాలు సిద్ధమయ్యాయని సైగ చేస్తున్నారు. సెలవు. జైహింద్.